రియా అంటే ‘గాయని’ అని ఎవరన్నారు?

చిత్తా నక్షత్రం నాలుగో పాదంలో ఆడపిల్ల పుడితే పంతులుగారు ‘రీ’ అనే అక్షరం ఇస్తారు. పే, పో, రా, రీ: ఇవి చిత్త నాలుగు పాదాలకూ వరసగా వచ్చే అక్షరాలు. ‘రా’ వస్తే రాధ, రాణి, రాజ్యలక్ష్మి అంటూ చెప్పుకుపోవచ్చు. ‘రీ’ దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళకు ఏమీ తోచదు. అప్పుడెవరో ఫోన్ తీస్తారు. రెండు నిమిషాల్లో ‘రియా’ దొరుకుతుంది. చిన్న పేరు, పలకడం తేలిక, అమెరికాలో ఉన్న బాబాయికీ నోరు తిరుగుతుంది. పక్కనే అర్థం కూడా రాసి ఉంటుంది: ‘సంస్కృతంలో గాయని’. ఇంకోచోట ‘గ్రీకు దేవత, ప్రవాహం’. మరోచోట ‘లక్ష్మీదేవి’. మూడూ బాగానే ఉన్నాయి కదా అని మూడూ కలిపి బంధువులకు పంపేస్తారు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. రియా అన్నది ఒక పేరు కాదు. వేర్వేరు చోట్ల వేర్వేరు మాటల నుంచి పుట్టి, చివరికి ఒకే పలుకు దగ్గర చేరిన నాలుగైదు పేర్లు. వాటిలో ఏది మీదో తేలకుండా అర్థం చెప్పడం కుదరదు. ఇంగ్లీషులో ఏ అక్షరాలతో రాయాలన్నదీ దాన్నిబట్టే తేలుతుంది.

ముందు ‘గాయని’ సంగతి. సంస్కృత నిఘంటువుల్లో ఈ అర్థంతో ‘రియా’ అనే మాట కనబడదు. పాడటానికి సంస్కృతంలో ఉన్న ధాతువు ‘గై’. గానం, గాయకుడు, గీతం, గేయం అన్నీ అందులోంచి వచ్చినవే. ‘రియా’కు ఆ దారి లేదు. వేద భాషలో ‘రీ’ అనే ధాతువు ఉంది, ‘రీయతే’ అంటే ప్రవహిస్తుంది. కానీ దాని నుంచి ‘రియా’ అన్న నామవాచకం పుట్టి వాడుకలోకి వచ్చిన దాఖలా లేదు. పేర్ల జాబితాలు ఒకదాన్ని చూసి ఒకటి రాసుకుంటాయి. ఒకచోట పడ్డ తప్పు పది చోట్లకు పాకితే అదే రుజువులా కనిపిస్తుంది.

మన దేశంలో రియాకు నిజంగా ఉన్న ఇంటి మూలం ‘ప్రియ’. ముద్దుగా పిలిచేటప్పుడు ముందున్న ‘ప్’ జారిపోయి రియా మిగిలింది. సుప్రియ, విష్ణుప్రియ, హరిప్రియ కూడా ఇళ్ళల్లో రియాలవుతారు. శ్రియా కూడా ఇలాగే కుదించుకోవచ్చు. ‘లక్ష్మి’ అన్న అర్థం అంటుకున్నది బహుశా ఇక్కడి నుంచే. ‘శ్రియా’ అనేది ‘శ్రీ’ శబ్దానికి తృతీయా విభక్తి ఏకవచనం, అంటే ‘శ్రీతో’, ‘సంపదతో’ అని. కానీ ముందున్న ‘శ్’ తీసేశాక శ్రీ ఎక్కడుంది? విభక్తి తోక మాత్రమే మిగిలింది.

క్రైస్తవ కుటుంబాల్లో మరియా, గ్లోరియా, విక్టోరియా పేర్ల చివరి ముక్క రియా. నెదర్లాండ్స్‌లో ‘రియా’ చాలామంది పెద్ద వయసు ఆడవాళ్ళ పేరు. అది మరియాకు ముద్దుపేరే, గ్రీకు దేవతతో దానికి పనిలేదు.

ఇక ఆ గ్రీకు తల్లి

క్రీస్తుపూర్వం 700 ప్రాంతంలో హెసియడ్ అనే గ్రీకు కవి దేవతల వంశావళిని కావ్యంగా చెప్పాడు. మనకు దొరికే రియా కథకు ప్రధాన ఆధారం అదే. భూమి గయా, ఆకాశం ఊరనోస్. వాళ్ళ పిల్లలు టైటన్లు. ఆ టైటన్లలో ఒకతె రియా. తోడబుట్టిన క్రోనోస్‌నే పెళ్ళాడింది. కొడుకు చేతిలో పదవి పోతుందని తల్లిదండ్రుల నోట విన్న క్రోనోస్, పుట్టిన బిడ్డను పుట్టినట్టే మింగేశాడు. హెస్టియా, డిమీటర్, హీరా, హేడిస్, పోసైడన్, అయిదుగురు. ఆరోసారి నెలలు నిండే వేళకు రియా తన తల్లిదండ్రుల దగ్గరికే వెళ్ళి ఉపాయం అడిగింది. వాళ్ళు ఆమెను క్రీట్ దీవిలోని లిక్టోస్‌కు పంపారు. బిడ్డను భూమాత గయా అందుకుని గుహలో దాచింది. భర్త చేతికి మాత్రం పసిగుడ్డల్లో చుట్టిన రాయి వెళ్ళింది. అతడు చూసుకోకుండా మింగేశాడు. అలా బతికినవాడు జ్యూస్.

చదువుతుంటే మనకు దేవకి గుర్తు రాకుండా ఉండదు. జోస్యం, వరసగా పోయిన బిడ్డలు, రాత్రికి రాత్రి తరలించిన చివరి బిడ్డ, బదులుగా పెట్టినది. తేడా కూడా చిన్నదేమీ కాదు. అక్కడ మేనమామ, ఇక్కడ కన్నతండ్రి. అక్కడ చెర, ఇక్కడ కాపురం. దేవకి చెరలో ఉంటే మోసేది వసుదేవుడు. రియా విషయంలో బిడ్డను దాచింది ఆడవాళ్ళే. ఈ పోలిక చూసి ఒక కథ ఇంకోదాని నుంచి వచ్చిందని తేల్చేయడం మాత్రం తొందరపాటు.

ఆ రాయి కథతో పోలేదు. క్రోనోస్ మింగినవన్నీ కక్కినప్పుడు చివర మింగింది ముందు బయటపడింది. జ్యూస్ దాన్ని గ్రీసులోని పుణ్యక్షేత్రం డెల్ఫీలో పాతాడని హెసియడ్ చెప్తాడు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళ తర్వాత, క్రీ.శ. 2వ శతాబ్దంలో, పౌసానియస్ అనే యాత్రికుడు డెల్ఫీ వెళ్ళి అక్కడ చూపించే రాయి గురించి రాశాడు. పెద్దదేమీ కాదట. రోజూ దాని మీద నూనె పోస్తారు, పండగ రోజుల్లో వడకని ఉన్ని పెడతారు. తైలాభిషేకం తెలిసిన మనకు ఈ వాక్యం వేరే దేశపు వింతలా అనిపించదు. ఇదే పౌసానియస్ గ్రీసులోని ఆర్కేడియా ప్రాంతంలో విన్న ఇంకో ముక్క కూడా రాశాడు: పోసైడన్ పుట్టినప్పుడు కూడా రియా భర్తను మోసం చేసిందని, గుర్రాన్ని కన్నానని చెప్పి గుర్రపుపిల్లను చేతికిచ్చిందని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు.

ఇంత పెద్ద కథ ఉన్నా గ్రీసులో రియాకు సొంతంగా జరిగిన పూజలు తక్కువే. తర్వాతి కాలంలో ఆసియా మైనర్‌ నుంచి వచ్చిన సిబెలీ అనే అమ్మవారితో ఆమెను కలిపేశారు. సింహాసనం మీద కూర్చుని, అటూ ఇటూ సింహాలతో, తల మీద కోటబురుజుల కిరీటంతో కనబడే బొమ్మలు ఆ అమ్మవారివి. క్రీ.పూ. 204లో రోమన్లు ఆమె ప్రతీకగా ఒక నల్లరాయిని ఓడలో రోముకు తెప్పించుకున్నారు. ‘రియా బొమ్మ’ అని కింద పేరు రాసి ఉన్నవాటిలో చాలావరకు సిబెలీవే. పాప నామకరణం కార్డు మీద అచ్చు వేయించేముందు ఒకసారి చూసుకోవాలి.

మరో పొరపాటు కూడా తరచు కనబడుతుంది. రియా భర్త ‘కాలదేవుడు’ అని రాస్తుంటారు. కాలానికి గ్రీకు మాట ‘ఖ్రోనోస్’, ఆయన పేరు ‘క్రోనోస్’. మొదటి అక్షరాలే వేరు. ఆ రెంటినీ కలిపి అర్థం చెప్పడం పాతకాలంలోనే మొదలైంది గాని, మాటలు మాత్రం ఒకటి కావు.

స్రవంతికి అక్క అవునా, కాదా?

గ్రీకులో ‘రెఓ’ అంటే ప్రవహిస్తాను. రియా పేరుకు ‘ప్రవాహం’ అన్న అర్థం దీని నుంచే చెప్తారు. ఈ మాటకూ మనకూ ఉన్న బంధుత్వం నిజమైనది.

‘రెఓ’కు పాత రూపం ‘స్రెవ్’. సంస్కృతంలో అదే ధాతువు ‘స్రు’. స్రవతి అంటే ప్రవహిస్తుంది, కారుతుంది. రక్తస్రావంలో ఉన్న స్రావం అదే. స్రవంతి అంటే ఏరు, పారేది. సంస్కృతం ‘స్ర’ను అలాగే ఉంచుకుంది. గ్రీకువాళ్ళ నోట పదం మొదట్లో ‘స్’ నిలబడలేదు, ఊపిరిగా మారి ‘ర’ మీద వాలింది. మన ‘అర్హత’లోని ‘ర్హ’ లాంటి పలుకు, కానీ పదం మొదట్లోనే. రోమన్లు దాన్ని తమ లిపిలో రాయాల్సి వచ్చినప్పుడు ‘ఆర్’ పక్కన ‘హెచ్’ పెట్టారు. రిథమ్, రుమాటిజం అనే మాటల ఇంగ్లీషు స్పెల్లింగులో పలకని హెచ్ ఉండటానికి కారణం అదే. ఈ రెండూ ‘రెఓ’ సంతానమే. డయేరియా కూడా: ‘డియా’ అంటే గుండా, మిగతాది ప్రవాహం. మన ‘అతిసారం’లో ధాతువు వేరు, ‘సృ’, ఊహ మాత్రం ఒకటే. వైద్య విద్యార్థులున్న ఇంట్లో రియా పేరు పెడితే ఈ జోకు తప్పదు, ముందే సిద్ధపడటం మంచిది.

కాబట్టి రియా గనక ‘రెఓ’ నుంచి వచ్చి ఉంటే, తెలుగు ఇళ్ళల్లో నలభై, ముప్పై ఏళ్ళుగా వినబడుతున్న స్రవంతి ఆమెకు ధాతువు వరసలో సొంత తోబుట్టువు. ‘గనక’ అన్న మాట వదలకండి. ఎందుకంటే ఈ వ్యుత్పత్తి రుజువైంది కాదు.

దీన్ని ప్రచారంలో పెట్టిన పాత గ్రంథాల్లో ముఖ్యమైనది గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన సంభాషణ ‘క్రాటిలస్’, క్రీ.పూ. 4వ శతాబ్దం. అందులో సోక్రటీస్ పేర్లకు అర్థాలు చెప్తూ, క్రోనోస్, రియా అని పేర్లు పెట్టినవాడు ప్రపంచమంతా ప్రవాహమే అనుకుని ఉంటాడని అంటాడు. ఒకే నదిలో రెండుసార్లు దిగలేవన్న హెరక్లిటస్ మాట అక్కడే వస్తుంది. ఆ సంభాషణ పొడుగునా సోక్రటీస్ ఎగతాళి చేస్తున్నాడో, నిజంగా అంటున్నాడో తేల్చుకోవడం కష్టం. మన పురాణాల్లో ‘పుత్’ అనే నరకం నుంచి రక్షిస్తాడు కాబట్టి పుత్రుడు అని చెప్తారే, ఆ తరహా. వినడానికి బాగుంటుంది, భాషాశాస్త్రం దాన్ని ఒప్పుకోనక్కర్లేదు.

రెండో ఊహ ప్రకారం ‘ఎరా’ అంటే నేల, దానిలో అక్షరాలు తారుమారై ‘రేఆ’ అయ్యింది. తల్లి దేవత కాబట్టి అర్థం అతికినట్టుంది. పదంలో అక్షరాలు తారుమారవడం భాషల్లో జరిగేదే, మన నవ్వులాటల్లో కాక నిజంగానే: వారణాసి ‘బనారస్’ అవలేదా? కానీ ఈ పేరు విషయంలో అది జరిగిందనడానికి వేరే ఆధారం లేదు. మూడో ఊహ ఏమిటంటే, ఇది అసలు గ్రీకు మాటే కాదు, గ్రీకులు రాకముందు ఆ దీవుల్లో ఉన్నవాళ్ళ అమ్మవారి పేరు. కథ క్రీట్ చుట్టూ తిరగడం దీనికి కొంత బలం. ఆ భాష మనకు అర్థం కాదు కాబట్టి అర్థమూ తెలీదు.

ఈ దేవత పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘ఆర్’ పక్కన హెచ్ ఉంది కదా, పోయిన ‘స’కు అదే గుర్తు కదా అని వాదించకండి. గ్రీకులో పదం మొదట వచ్చే ప్రతి ‘ర’ మీదా ఆ ఊపిరి గుర్తు పెడతారు, అది ‘స్ర’ నుంచి వచ్చినా, ఇంకెక్కడి నుంచి వచ్చినా. హెచ్ చెప్పేది ‘ఇది గ్రీకు పేరు’ అని మాత్రమే. అంతకు మించి సాక్ష్యం చెప్పదు.

బంధువులు అడిగితే నిజాయతీగా చెప్పదగ్గ జవాబు: ‘గ్రీకు దేవతల తల్లి పేరు; ప్రవాహం అని అర్థం చెప్తారు’. ‘చెప్తారు’ అన్న ఒక్క మాట చాలు.

అదే పేరు, వేరే మనుషులు, ఒక పక్షి, ఒక నార

రియా సిల్వియా అనే పేరు విని చాలామంది ఆ గ్రీకు దేవతే అనుకుంటారు. కాదు. ఆమె రోము పురాణంలో రాజకుమార్తె, రోములస్, రీమస్ కవలల తల్లి. తండ్రి సింహాసనానికి వారసులు రాకూడదని బాబాయి ఆమెను వెస్టా దేవత గుడిలో కన్యగా ఉంచాడు. యుద్ధదేవుడు మార్స్ వల్ల పిల్లలు పుట్టారు. లాటిన్‌లో ఆమె పేరు హెచ్ లేకుండా ‘రేఆ’ అని కూడా రాసేవారు. ఆ మాటకు లాటిన్ న్యాయస్థానంలో వేరే అర్థం ఉంది: నిందితురాలు. ఇటలీలో, స్పెయిన్‌లో ఇప్పటికీ ఆ వాసన పోలేదు. అందుకే హెచ్ తీసేసి మూడక్షరాల్లో కుదించిన స్పెల్లింగు చూడటానికి ముద్దుగా ఉన్నా, మాడ్రిడ్‌లోనో, మిలాన్‌లోనో చదువుకోబోయే పిల్లకు అంత నప్పదు.

వెస్టా అనే గ్రహశకలం దక్షిణ ధ్రువం దగ్గర సుమారు 500 కిలోమీటర్ల వెడల్పున ఒక గుంట ఉంది. వెస్టా మొత్తం సగటు వ్యాసమే సుమారు 525 కిలోమీటర్లు, అంటే ఆ దెబ్బ ఎంతదో ఊహించుకోవచ్చు. 2011లో డాన్ వ్యోమనౌక దగ్గరికెళ్ళి చూశాక దానికి పెట్టిన పేరు రియాసిల్వియా. వెస్టా అంటే గ్రీకుల హెస్టియా, రియా పెద్దకూతురు. తల్లి పేరు కూతురి మీద పెట్టారనిపిస్తుంది గాని, పెట్టింది ఆ గుడి కన్య పేరు.

శనిగ్రహం చుట్టూ తిరిగే రియా మాత్రం అసలు దేవతే. టైటన్ అనే చంద్రుడి తర్వాత శని చంద్రుల్లో పెద్దది, వ్యాసం సుమారు 1,528 కిలోమీటర్లు. 1672 డిసెంబరు 23న జొవాన్నీ కాసిని చూశాడు. ఆయన తాను కనిపెట్టిన చంద్రులకు ఫ్రాన్సు రాజు 14వ లూయీ పేరు మీదుగా ఉమ్మడి పేరు పెట్టాడు, అది నిలవలేదు. 1847లో జాన్ హెర్షెల్ టైటన్ల పేర్లు సూచించాడు. క్రోనోస్‌ను రోమన్లు శాటర్న్ అన్నారు కాబట్టి ఆయన తోడబుట్టినవాళ్ళను ఆయన చుట్టూ నిలబెట్టాడు. ఈ వివరం అమ్మమ్మ దగ్గర చెప్పేటప్పుడు జాగ్రత్త. ‘శని పెళ్ళాం పేరా?’ అంటే జవాబు కష్టం. గ్రహం ఒకటే గాని, మన శనైశ్చరుడు సూర్యుడి కొడుకు, ఛాయాదేవి బిడ్డ. గ్రీకు కథతో ఆయనకు చుట్టరికం లేదు.

దక్షిణ అమెరికా మైదానాల్లో నిప్పుకోడి లాంటి ఎగరలేని పక్షి ఒకటుంది, పేరు రియా. 1752లో పాల్ మోరింగ్ అనే జర్మన్ వైద్యుడు పెట్టాడు. ఎందుకు పెట్టాడో గాని, ఎంపిక తమాషాగా కుదిరింది. ఈ పక్షుల్లో ఆడవి గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. నాలుగైదు ఆడవాటి గుడ్లను ఒకే గూట్లో పొదిగేదీ, పిల్లల్ని వెంటేసుకు తిరిగేదీ మగపక్షి. బిడ్డల్ని మింగిన తండ్రి కథలోంచి వచ్చిన పేరు, పిల్లల్ని సాకే తండ్రి జాతికి దక్కింది.

పాత ఇంగ్లీషు ప్రభుత్వ కాగితాల్లో ‘రియా’ అనే నార గురించి పేజీలకు పేజీలు కనబడతాయి. అది రామీ అనే మొక్క నుంచి తీసే నార. పేరు అస్సామీ మాట ‘రిహా’ నుంచి వచ్చింది, దాన్ని ఇంగ్లీషువాళ్ళు గ్రీకు దేవత స్పెల్లింగులో రాశారు. ఇంతకన్నా సంబంధం లేదు.

రాయడం, పలకడం

ప్రాచీన గ్రీకులో పలుకు ‘రేఆ’కు దగ్గర. ఇప్పటి గ్రీసులోనూ ‘రేఆ’ అనే అంటారు. అక్కడ ‘రీఆ’ అనే పేరు కూడా ఉంది, కానీ అది మరియా లాంటి పేర్ల ముద్దుముక్క. అంటే దేవత పుట్టింట్లోనే రెంటికీ మధ్య గీత ఉంది. ‘రియా’ అన్నది ఇంగ్లీషువాళ్ళ పలుకు, మనకు వచ్చింది ఆ దారినే. జర్మనీలో ఈ స్పెల్లింగు చూసి ‘రేఆ’ అంటారు. అక్కడ ఆపరేషన్ తర్వాత కోలుకునే చికిత్సను కుదించి ‘రేహా’ అంటారు కాబట్టి చిన్న నవ్వు వినబడవచ్చు.

ఇంగ్లీషు అక్షరాల్లో దారి ఇలా తేల్చుకోవచ్చు. గ్రీకు దేవత పేరే కావాలంటే ఆర్, హెచ్, ఈ, ఏ. ప్రియలోంచి వచ్చిందైతే ఆర్, ఐ, వై, ఏ. ‘ప్రియ’ స్పెల్లింగులో పీ తీసేస్తే మిగిలేది సరిగ్గా ఇదే. మరియా నుంచైతే వై కూడా అక్కర్లేదు. ఒకదాని అర్థం చెప్పి ఇంకోదాని స్పెల్లింగు రాయడం వల్లే గందరగోళం. హెచ్ ఉన్న స్పెల్లింగుకు ఒక ఖర్చు ఉంది: మన దేశంలో ఫోన్లో పేరు చెప్పిన ప్రతిసారీ అక్షరం అక్షరం చెప్పాలి, అవతలివాళ్ళు ఆర్ పక్కన హెచ్‌ను నమ్మరు. విదేశాల్లో లెక్క తిరగబడుతుంది, అక్కడ వై ఉన్నదాన్నే ‘రాయా’ అని చదివే ప్రమాదం ఉంది.

తెలుగులో ‘రియా’ అని దీర్ఘంతో రాయడం స్థిరపడింది. మన పద్ధతి ప్రకారం చూస్తే సంస్కృత ఆకారాంతాలు తెలుగులోకి వచ్చేసరికి పొట్టివవుతాయి: సీతా సీత, రమా రమ, ప్రియా ప్రియ. ఆ లెక్కన ప్రియ కూతురు ‘రియ’ కావాలి. అలా రాసినా తప్పు లేదు, పిలిచేటప్పుడు దీర్ఘం దానంతటదే వస్తుంది. పరాయి పేరుగా తీసుకుంటే దీర్ఘం ఉంచడమే సరి.

గ్రీకు పలుకు మీద మమకారంతో ‘రేయా’ అని పెట్టేవాళ్ళు ఒకటి రెండు గమనించాలి. నామాక్షరం మారిపోతుంది. ‘రీ’ చిత్త నాలుగో పాదం, ‘రే’ స్వాతి రెండో పాదం. రెండూ తులారాశే కాబట్టి రాశి వరకే చూసేవాళ్ళకు ఇబ్బంది లేదు, పాదం పట్టింపు ఉన్నవాళ్ళకు ఉంది. ఇంతకన్నా పెద్దది బడిలో ఎదురయ్యే సమస్య. ‘రేయా’ను సగంలో ఆపితే ‘రేయ్’. తెలుగు పిల్లలు ఆ అవకాశం వదులుకోరు. అచ్చ తెలుగులో రేయి అంటే రాత్రి అన్న అందమైన పోలిక బడి అయిదో తరగతి దాకా ఎవరికీ గుర్తురాదు.

హైదరాబాద్ వాళ్ళు ఇంకోటి తెలుసుకోవాలి. ఉర్దూలో ‘రియా’ మామూలు మాట, అరబీ నుంచి వచ్చింది. నలుగురూ చూడాలని చేసే భక్తి, పైపై ప్రదర్శన అని అర్థం. రియాకారీ అంటే కపటం. ఇస్లాం నీతిశాస్త్రంలో దీన్ని తీవ్రమైన దోషంగా చెప్తారు. అందుకే ముస్లిం కుటుంబాలు ఈ పేరు పెట్టేముందు ఆలోచిస్తాయి. పక్కింటి ఉర్దూ పంతులమ్మ పేరు వినగానే ఒక్క క్షణం ఆగితే కారణం ఇది, మరేం కాదు. సంతోషించాల్సిన చోటూ ఉంది: మలయ్, ఇండోనేషియా భాషల్లో ‘రియా’ అంటే హుషారు, ఉల్లాసం.

కాగితాల్లోకి ఎక్కేముందు

పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. అప్పటికి పేరు తేలకపోతే పేరు లేకుండానే నమోదవుతుంది. నమోదైన నాటి నుంచి 12 నెలల్లోపు పేరు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ వరకు వీలుంది. అంటే స్పెల్లింగు మీద ఇంట్లో వాదన తేలకముందే ఆసుపత్రి ఫారం మీద ఏదో ఒకటి రాసేయాల్సిన తొందర లేదు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకు పాస్‌పోర్టులో పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. మిగతా కాగితాలన్నీ దాని వెనకే నడవాలి కాబట్టి మొదటి స్పెల్లింగు అక్కడే సరిగ్గా పడాలి. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితకాలంలో రెండే అవకాశాలు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న పిల్లకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చేది) తీసుకుంటే, ఆ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే దాని మీదకు వస్తాయి. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వేరేలా రాయించుకున్న కాగితం ఏదన్నా ఉంటే అది పొసగదు.

తప్పు ఎక్కువగా జరిగేది తెలుగు గడిలో. ఆపరేటర్ ఇంగ్లీషులో పేరు కొట్టగానే కంప్యూటర్ తనంతట తానే తెలుగులోకి మార్చేస్తుంది. ప్రియ, లక్ష్మి లాంటి వాటికి పర్వాలేదు. ఆర్ పక్కన హెచ్ చూసేసరికి యంత్రం తికమకపడి ‘ర్హేఅ’ అనో ‘రేయా’ అనో రాసిపెడుతుంది. ఇంగ్లీషు గడి మాత్రమే చూసి సంతకం పెట్టే తల్లిదండ్రులు దీన్ని గమనించరు. ఆ గడిని చేత్తో సరిచేసే వీలు ఆపరేటర్‌కు ఉంటుంది. రసీదు అచ్చు తీయకముందే తెర తమ వైపు తిప్పమని అడిగి, ‘ర’కు గుడి, ‘య’కు దీర్ఘం ఉన్నాయో లేదో చూసుకోవాలి.